గేటు దగ్గర కొరుకుడు

పాప పిన్నికి,

పిల్లలబడి నడిపే పెద్దమ్మ రాసేది. పొద్దున మీరు నిద్రలో ఉన్న పాపని ఆయా చేతికిచ్చి పరుగెత్తుతారు. సాయంత్రం పక్కింటి తాతగారు తీసుకెళ్తారు. ఇక మీతో మాట్లాడే దారి పాప సంచీ ఒక్కటే. పాప నిన్న ఒక బాబు ముంజేయి కొరికింది, ఇవాళ ఇంకొకరిది. మాటలు చాలని వయసులో ఇది మామూలే. ఇంట్లో కూడా కొరుకుతోందా?

ఉంటాను,
పెద్దమ్మ

తా.క. ఆ ఇంకొకరు నేనే.

*

పెద్దమ్మగారికి,

దండాలు తర్వాత పెడతాను. ఇంట్లో కొరకదు. చీమ ఎదురొచ్చినా పక్కకి జరుగుతుంది. మీ దగ్గరే కొరుకుతోందంటే మీ దగ్గరే ఏదో తేడా ఉంది. అన్నం సరిగ్గా పెడుతున్నారా? మా అక్క పోయిన దగ్గర్నుంచి దానికి అమ్మా నాన్నా నేనే. తల్లి లేని పిల్ల కదా, అడిగేవాళ్లు లేరనుకోకండి.

చొక్కాల ఫ్యాక్టరీ, బొత్తాల లైను నుంచి,
పిన్ని

తా.క. డబ్బాలో గుడ్లు ఎక్కువ పెట్టాను. వాటిని కొరకమనండి.

*

పాప పిన్నికి,

గుడ్లు తింది. బలం వచ్చింది. ఈసారి గాటు బాగా పడింది.

ఆకలి కాదమ్మా. నొప్పి తగిలిన పిల్లని ముందు ఓదారుస్తున్నాం. తర్వాత పాప ఎదురుగా కూర్చుని "కొరికితే నొప్పి" అని మెల్లగా చెబుతున్నాం. ఎప్పుడు కొరుకుతుందో కూడా కనిపెట్టాను. సాయంత్రం గేటు దగ్గర, ఇంటికి వెళ్లేవాళ్లని మాత్రమే. మొహంలో కోపం ఉండదు. కానీ తల్లులు ఊరుకోవడం లేదు. శనివారం తర్వాత పాపని ఉంచితే తమ పిల్లల్ని ఇక పంపం అంటున్నారు.

మీ మంచి కోరే,
పెద్దమ్మ

తా.క. తిరిగి కొరికితే బుద్ధొస్తుందని ఎవరైనా అంటారు. వినకండి.

*

పెద్దమ్మగారికి,

శనివారం తర్వాత పాపని ఎక్కడ పెట్టమంటారు, కుట్టుమిషను కిందా? ఒక పూట చంకనేసుకుని వెళ్తేనే సూపర్‌వైజరు "ఇది ఫ్యాక్టరీయా, ఉయ్యాలా?" అని బయటికి దారి చూపించాడు. పని పోతే ఇద్దరం ఒకళ్లనొకళ్లు కొరుక్కుతినాలి. కూర్చుని కనిపెట్టే బదులు గేటు దగ్గర దాన్ని ఎత్తుకోవచ్చుగా?

ఒళ్లు మండిన,
పిన్ని

తా.క. సంచీలో పాలు ఒలికి మీ ఉత్తరం చివరి ముక్క అలుక్కుపోయింది. మా లైన్లో వాళ్లు తిరిగి కొరకమంటున్నారు. మీరు రాసిందీ అదే అయ్యుంటుంది. ఇవాళే కానిస్తాను.

*

పాప పిన్నికి,

వద్దు.

పెద్దమ్మ

తా.క. వద్దంటే వద్దు.

*

పెద్దమ్మగారికి,

ఈసారి దండం ముందే పెడుతున్నాను. మీ ఉత్తరం సంచీలోంచి తీసేలోపే కొరికేశాను.

కోపంగానే దాని చిటికెనవేలు నా పళ్ల మధ్య పెట్టుకున్నాను. ఏడుస్తుందనుకున్నాను. నవ్వింది. రెండో చెయ్యి కూడా చాపింది. తర్వాత నా చెప్పులు ఈడ్చుకొచ్చి గుమ్మంలో పెట్టింది, ఇక వెళ్లమన్నట్టు.

మా అక్క డ్యూటీకి వెళ్లేముందు గుమ్మంలో కూర్చుని దాని వేళ్లు కొరికేది. "మిగతావి సాయంత్రం వచ్చి తింటా" అనేది. నేను పక్క మీద నుంచి లేవకుండానే "పొద్దున్నే ఏం గోలే" అని విసుక్కునేదాన్ని. సాయంత్రానికి వచ్చేసేది. ఆసుపత్రికి తీసుకెళ్లిన రోజు స్ట్రెచర్ మీద ఉంది. కొరకలేదు. రాలేదు.

మీ గేటు దాటే వాళ్లందరినీ అందుకే కొరుకుతోంది పెద్దమ్మగారూ. మర్నాడు పొద్దున అందరూ తిరిగొస్తున్నారు కదా, దాని లెక్క తప్పలేదు. ఆ తల్లులకి ఇది చదివి వినిపించండి. గాటు పడ్డ పిల్లలకి నొప్పి నొప్పే, కాదనను. చెయ్యి ఊపి "మళ్లీ రా" అనడం ఇంట్లో నేను నేర్పుతాను, గేటు దగ్గర మీరు నేర్పండి. శనివారం లోపల దానికి అది అలవాటు కాకపోతే ఇంకొన్నాళ్లు ఓపిక పట్టండి.

మీ మాట వినని,
పిన్ని

తా.క. రేపటి నుంచి పాపని నిద్రలేపే తీసుకొస్తాను. గేటు దగ్గర నేను పిల్ల వేళ్లు కొరుకుతూ కనిపిస్తే పోలీసుల్ని పిలవకండి.