అమ్మ పిలిస్తే వచ్చిన పావురాలు

2006 జులై, ఆదివారం రాత్రి
ఒర్లియంపేట

ఇవాళ అమ్మ కర్మ అయింది. మిద్దె మీద ఆకులో అన్నం పెట్టి కాకి కోసం ఎంతసేపు చూశామో. అది ముట్టనిదే ఇంట్లో ఎవరూ తినకూడదు కదా. ముందొచ్చింది మాత్రం ఒక పావురం.

పారిస్‌లో మా బాల్కనీ గుర్తొచ్చింది. మా దగ్గరున్న ఏడాదంతా అమ్మ రోజూ నాన్న పేరు చెప్పి అక్కడ ముద్ద పెట్టి, "కా, కా" అని పిలిచేది. వచ్చేవన్నీ పావురాలే. కింది ఫ్లాట్ ముసలామె గొడుగు ఊపుతూ తిట్టేది. అమ్మ ఆమెకు కూడా దణ్ణం పెట్టేది. నేనూ మా ఆయనా పడీపడీ నవ్వేవాళ్ళం.

"నవ్వబాకండి. ఈ ఊళ్ళో కాకులు యాడుండాయి? మీ నాయన ఇట్లానే వస్తాడు" అనేది.

ఇవాళ అన్న తువ్వాలు విదిలించి, "హుష్, పో! కాకి రావాల" అని ఆ పావురాన్ని తోలేశాడు. "వద్దు, అన్నా" అని నోటిదాకా వచ్చింది. అంతమందిలో ఏమని చెప్పను? తర్వాత కాకి వచ్చింది. అందరూ తిన్నారు, నేనూ తిన్నాను.

ఆ పావురం మాత్రం చీకటి పడేదాకా ఎదురింటి గోడ మీదే కూర్చుని ఉంది. అమ్మ తిన్నదో లేదో…