క్షమించకుండానే పోసిన గంజి

పితా పుత్ర పవిత్రాత్మ నామమున.

గోదావరిఖనిలో కంపెనీ క్వార్టర్లు దాటాక వచ్చే పెంకుటిళ్ళ వాడలో కాపురముంటున్న, కీర్తిశేషులు టింబర్‌మన్ చిన్నప్ప భార్య లూర్దమ్మ అనే నేను, అరవై దాటిన వయసులో, ఎవరూ బతిమాలకుండా, ఎవరూ బెదిరించకుండా రాయిస్తున్న వీలునామా ఇది. నా బుద్ధి సరిగానే ఉంది. నా కొడుకు జోజప్ప ఈ మాట ఒప్పుకోడు. అందుకని రుజువు కూడా రాయిస్తున్నాను: నిన్న విభూది బుధవారం పూజకు నడిచివెళ్ళాను. ఫాదర్‌గారి ప్రసంగం ఆసాంతం మేలుకుని విన్నాను. ఆయన చెప్పిందే మళ్ళీ చెప్పినప్పుడు గుర్తుపట్టాను కూడా. బుద్ధి చెడినవాళ్ళు ఇంత ఓర్చుకోలేరు.

నాకు అక్షరం రాదు. పెద్దపల్లి దస్తావేజు లేఖరి లింగమూర్తి నా నోటి మాటను పుస్తకాల తెలుగులోకి దిద్ది రాస్తున్నాడు. ఎవరైనా అన్న మాటలను మాత్రం అన్నట్టే ఉంచమన్నాను. తిట్లు తీసేద్దామా అని ఆయన అడిగాడు. తీసేస్తే వీలునామా ఇంకెవరిదో అవుతుందని చెప్పాను.

1. నా ఆత్మను దేవునికి అప్పగిస్తున్నాను. శరీరాన్ని నా భర్త సమాధి పక్కన పెట్టాలి. పాటలు పాడేవాళ్ళు రెండు పాటలతో ఆపాలి. నా గుణగణాల గురించి జోజప్ప మాట్లాడకూడదు. బతికుండగా చెప్పని మంచిమాటలు పెట్టె మీద మూత వేశాక వినడం నాకు ఇష్టం లేదు.

2. నా భర్త చేతి గొడ్డలిని టింబర్‌మన్ ఎల్లేశానికి ఇస్తున్నాను. దాన్ని అతను పనికి వాడుకోవాలి. గోడకు తగిలించి దండం పెట్టడానికి ఇవ్వడం లేదు.

ఆ గొడ్డలి సంగతి చెప్పాలి. చిన్నప్ప బొగ్గు బాయిలో పైకప్పు కింద కర్ర దిమ్మెలు నిలబెట్టే పనివాడు. రాతి కప్పును తట్టి చూసి, చప్పుడును బట్టి అది నిలుస్తుందో కూలుతుందో చెప్పేవాడు. 1966లో ఒక ఫస్ట్ షిఫ్టులో కప్పు పలుకుతోందని, మనుషులను వెనక్కి పిలవాలని తన గ్యాంగు సర్దార్ నర్సింగానికి చెప్పాడు. ఆ రోజు బొగ్గు తక్కువ పడిందని సర్దార్‌కు పైనుంచి మాట పడి ఉంది. లోపలికి పోయి దిమ్మె కొట్టి రమ్మన్నాడు. చిన్నప్ప పోయాడు. కప్పు కూలింది. సాయంత్రానికి మనిషిని బయటికి తీశారు. గొడ్డలి అంతకు ముందే దొరికింది.

కంపెనీ విచారణ జరిపింది. వద్దన్నా వినకుండా చిన్నప్పే సొంతంగా లోపలికి దూరాడని నర్సింగం పెద్దల ముందు చెప్పాడు. చనిపోయినవాడు కాదనలేడు కదా, అలాగే రాసుకున్నారు. అప్పటినుంచి బోరింగు దగ్గర నన్ను "తన తప్పుతో పోయినోడి పెండ్లాం" అని చూపించేవాళ్ళు. నా భర్త ఇరవై ఏళ్ళు ఎందరి తలల మీదో కప్పు నిలబెట్టాడు. ఆయన పేరు మీద మాత్రం ఒక అబద్ధాన్ని నిలబెట్టారు.

ఎల్లేశం అప్పుడు ఆ గ్యాంగులోనే కొత్తగా చేరిన పనివాడు. దినవారం అయ్యాక మా గడప మీద కూర్చుని, తల ఎత్తకుండా, "సర్దారే పొమ్మన్నడు వదినె. నేను జూసిన. గానీ, పెద్దల ముంగట చెప్తే నా నౌకరి పోతది," అన్నాడు. నేను చాయ్ పోసి పంపించాను. ఇంకేం చేస్తాను? అలాంటివాడికి గొడ్డలి ఎందుకని అడిగేవాళ్ళు మూడో నిబంధన చదవాలి.

3. నా సత్తు గిన్నెను, గరిటెను మా గుడి విచారణ గురువులు ఫాదర్ చౌరప్పగారికి ఇస్తున్నాను. ఆయన వంటవాడు కూర ఎక్కువ, అన్నం తక్కువ వండుతాడని నాకు తెలుసు. ఇది గంజి గిన్నె. గుడి మెట్ల దగ్గర కూర్చునేవాళ్ళకు పనికివస్తుంది.

నా భర్త పోయిన ఏడాది నర్సింగాన్ని క్షమించమని ఫాదర్‌గారు నాకు చెప్పారు. ఎన్నిసార్లని అడిగాను. ఏడు డెబ్బైలసార్లు అన్నారు. ఒక్కసారికే నా వల్ల కావడం లేదన్నాను. అయితే అతని కోసం ప్రార్థించమన్నారు. ప్రార్థించాను. రోజూ జపమాల చివర "ప్రభువా, ఆ నర్సింగాన్ని చూసుకో" అనేదాన్ని. ఎలా చూసుకోవాలన్నది ఆయన ఇష్టానికి వదిలేశాను.

కొన్నేళ్ళకు నర్సింగానికి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. నౌకరి పోయింది, క్వార్టర్ పోయింది. బొగ్గు లెక్కలు బాగున్నప్పుడు చుట్టూ తిరిగిన బంధువులకు గోలేటిలో ఏవో పనులు పడ్డాయి. భార్య మల్లక్కతో కలిసి మా వాడలోనే ఒక గుడిసెలో చేరాడు. ఊరు ఇంత ఉండగా నా వాడే దొరికింది. నా ప్రార్థన ఆలకించి దేవుడు ఇలా చూసుకున్నాడన్నమాట.

ఒక ఎండాకాలం ఆదివారం పూజ ముగించుకుని వస్తున్నాం. ఆ రోజు చదివిన సువిశేషం సమరీయుని కథ. దెబ్బలు తిని దారిలో పడి ఉన్న మనిషిని చూసి యాజకుడు పక్కకు తప్పుకుంటాడు, లేవీయుడు కూడా తప్పుకుంటాడు, పరజాతివాడు ఆగి కట్టు కడతాడు. వాడ మలుపులో నర్సింగం గుడిసె బయట ఎండలో బోర్లా పడి ఉన్నాడు. మల్లక్కను విషజ్వరంతో దవాఖానలో చేర్చారట. నీళ్ళ కోసం పాకి వచ్చి అక్కడ పడ్డాడు. మా గుడి సంఘం పెద్దలంతా పక్కకు తప్పుకుని పోయారు. వాళ్ళు ప్రసంగం శ్రద్ధగా విన్నారనే చెప్పాలి, ఎటువైపు తప్పుకోవాలో కూడా తెలిసింది. వాళ్ళలో నా కొడుకు జోజప్ప ముందున్నాడు. చేతిలో బైబిలు ఉంది కాబట్టి వంగడానికి వీలుపడలేదు.

నేనూ దాటిపోయాను. నాలుగు ఇళ్ళు పోయాక కాళ్ళు ఆగాయి. ప్రేమతో ఆగాయని ఎవరూ రాసుకోవద్దు. రేపు తీర్పునాడు ప్రభువు ఆ ఎండ గురించి అడిగితే ఏం చెప్పాలా అని ఆగాయి. వెనక్కి పోయి చెంబుతో నీళ్ళు పోశాను. పోసే ముందు తిట్టాను, పోస్తూ తిట్టాను, చెంబు తోముకుంటూ కూడా తిట్టాను. పొద్దుగూకే వేళకు గంజి తీసుకుపోయాను. మల్లక్క తిరిగి వచ్చేదాకా అనుకున్నాను. ఆమె వచ్చింది కానీ బొంత ఎత్తే బలం కూడా లేకుండా వచ్చింది. గిన్నె సాగింది.

అలా గంజి పోస్తూ మూడో ఎండాకాలం వచ్చింది. ఒక రోజు నర్సింగం గిన్నె ముట్టుకోలేదు. ఉప్పు తక్కువైందా అని అడిగాను. అతనికి మాట మెల్లగా వచ్చేది, కానీ తేటగానే వచ్చేది.

"వదినె, నీ చేతి గంజి గొంతు దిగుతలేదు. చిన్నప్పను లోపటికి నేనే పొమ్మన్న."

"నాకు తెల్సు. నాకు చెప్తే ఏమొస్తది? ఎవరి ముంగట అబద్ధం చెప్పినవో ఆళ్ళ ముంగట చెప్పు."

"ఎట్ల పోవాలె? కాలు లేకపాయె."

"కాలు లేకుంటే బండి ఉంటది. నోరు ఉన్నది గద."

ఈ సంగతి జోజప్పకు తెలిసింది. తండ్రి పోయాక ఆయన బదులు వచ్చిన నౌకరితో అతను ఆఫీసులో గుమాస్తాగా ఉన్నాడు. "అయిపోయినదాన్ని తవ్వుడెందుకవ్వా, సార్లు ఏమనుకుంటరు?" అన్నాడు. సత్యం మిమ్మల్ని స్వతంత్రులను చేస్తుందని ఆ ముందు ఆదివారమే గుడిలో చదివి వినిపించింది అతనే. చాలా స్పష్టంగా చదివాడు.

సైకిల్ షాపు సాబిర్ తన తోపుడు బండి మీద బొంత పరిచాడు. ఇద్దరం కలిసి నర్సింగాన్ని బాయి గేటు దగ్గరికి తోసుకుపోయాం. ఫస్ట్ షిఫ్టు దిగేవాళ్ళు, సెకండ్ షిఫ్టు ఎక్కేవాళ్ళు కలిసే వేళ అది. పాత సర్దార్‌ను చూసి చుట్టూ చేరారు. సాయం అడగడానికి వచ్చాడనుకుని ఒకరిద్దరు జేబులు తడుముకున్నారు. నర్సింగం ఎడమ చెయ్యి ఎత్తి వద్దన్నాడు.

"చిన్నప్ప తప్పు లేదు. కప్పు పలుకుతున్నదని జెప్పిండు. నేనే లోపటికి పంపిన. పంపి, పెద్దల ముంగట అబద్ధం జెప్పిన."

నేను బండి కర్ర పట్టుకుని నిలబడ్డాను. అప్పుడు గుంపు వెనక నుంచి ఎల్లేశం ముందుకు వచ్చాడు. "నిజం. నేనున్న ఆడ. నేను జూసిన," అన్నాడు. అతని నౌకరి పోతుందో లేదో అప్పటికి ఎవరికీ తెలియదు. పోలేదు. కానీ పోతుందనుకునే చెప్పాడు. గొడ్డలి అందుకు.

కంపెనీ కాగితాల్లో ఏమీ మారలేదు. కాగితాలకు తప్పు ఒప్పుకుని పాపసంకీర్తనం చేసే అలవాటు లేదు. కానీ ఆ మర్నాడు బోరింగు దగ్గర ఆడవాళ్ళు నా బిందెకు దారి ఇచ్చారు. ఒక ముసలామె తన మనుమరాలితో "గీమె టింబర్‌మన్ చిన్నప్ప భార్య" అని చెప్పింది. నేను ఇంటికి వచ్చి తలుపు వేసుకుని ఏడ్చాను. ఆయన పోయినప్పుడు కూడా అంత ఏడవలేదు.

ఆ ఆదివారం ఫాదర్‌గారు ప్రసంగంలో నా పేరు ఎత్తి, క్షమించడమంటే ఏమిటో లూర్దమ్మను చూసి నేర్చుకోండన్నారు. నేను లేచి నిలబడి, నేను క్షమించలేదు ఫాదర్, గంజి మాత్రమే పోస్తున్నాను అన్నాను. ఫాదర్‌గారు "గంజి మానకండమ్మా. మిగతాది ప్రభువు చూసుకుంటాడు," అన్నారు. ఆయన ప్రసంగాలన్నిటిలో నాకు గుర్తున్నది అదొక్కటే. అన్నిటిలోకీ చిన్నది కూడా అదే.

4. నా సొంత పేరు మీద ఉన్న రెండు గదుల పెంకుటిల్లు, పెరడు, పెరట్లోని చింతచెట్టు సహా మల్లక్క బతికున్నంతకాలం ఆమె అనుభవించాలి. ఆమెను వెళ్ళమనే హక్కు ఎవరికీ లేదు.

నర్సింగం మూడేళ్ళ క్రితం చనిపోయాడు. గోలేటి నుంచి బంధువులు వచ్చారు. పాడె ఎవరు మోయాలో కొట్లాడుకున్నారు, ఆమెను ఎవరు తీసుకుపోవాలన్నప్పుడు మాత్రం ఒకరినొకరు గౌరవించుకున్నారు. గుడిసె యజమాని ఖాళీ చేయమన్నాడు. నేను పోయి ఆమె మూట ఎత్తుకుని, "నడువు మల్లక్క, నాకు గంజి కాసుడు అలవాటైంది," అన్నాను.

మా ఇంటి గూట్లో మరియమాత పటం పక్కన మల్లక్క తన సమ్మక్క సారలమ్మల బెల్లం పెట్టుకుంది. గుడి సంఘం పెద్ద తల్లి ఇంట్లో ఇదేమిటని జోజప్ప గొడవ చేశాడు. మరియమ్మ తల్లి నాకు ఇంతవరకు ఫిర్యాదు చేయలేదు. చీమలు వస్తున్నాయని మాత్రం మల్లక్కకు నేనే చెప్పాను. డబ్బా తెచ్చుకుంది.

నేను పోయిన రోజే మల్లక్క బయటికి పోవాలని నా కొడుకు నలుగురిలో అన్నాడు. ఈ వీలునామా అందుకే పుట్టింది. మల్లక్క తదనంతరం సదరు ఇల్లు జోజప్పకు సంపూర్ణ హక్కులతో చెందుతుంది. ఒక షరతు ఉంది. ఆమె బతికున్నంతకాలం ప్రతి ఆదివారం పూజ కాగానే అతను స్వయంగా ఒక గిన్నె గంజి ఆమెకు తెచ్చి ఇవ్వాలి. కోడలి చేత పంపితే చెల్లదు. అతనికి సువిశేషం నోటికి వచ్చు, చేతికి కూడా రావాలని నా కోరిక. నవ్వుతూ ఇవ్వాలని షరతు పెట్టడం లేదు. నేను నవ్వలేదు. అతను షరతు తప్పితే ఇల్లు నా మనుమరాలు ఫిలోమినకు పోతుంది. ఆ పిల్ల ఇప్పటికే ఎవరూ చెప్పకుండా మల్లక్క తల దువ్వుతోంది.

5. బర్రెను, దూడను సాబిర్ భార్య మక్సూదాకు ఇస్తున్నాను. బర్రె తంతుంది. మక్సూదా కూడా తక్కువది కాదు, ఇద్దరికీ కుదురుతుంది. రంజాన్‌లో మా ఇంటికి వచ్చిన గిన్నె ఏనాడూ ఖాళీగా రాలేదు.

6. నా కోడలు తెరేజకు నా పెళ్ళి చీర ఇస్తున్నాను. ఇన్నేళ్ళు జోజప్ప ప్రసంగాలు ఇంట్లో కూడా వింటోంది. దేవుని కోసం హింసలు ఓర్చుకున్నవాళ్ళకు పరలోకంలో తెల్ల వస్త్రాలు ఇస్తారట. అప్పటిదాకా ఈ ఎర్రది కట్టుకోమని చెప్పాలి.

7. ఈ వీలునామా అమలు బాధ్యత సాబిర్‌ది. క్రైస్తవుల వీలునామాకు సాయబు ఎందుకని సంఘంలో అడుగుతారు. ఆ రోజు బండి తొయ్యడానికి సంఘం నుంచి ఎవరైనా వచ్చి ఉంటే వాళ్ళ పేరే రాయించేదాన్ని.

8. చివరి మాట. నర్సింగాన్ని క్షమించానా అని ఫాదర్‌గారు నిన్న నుదుట విభూది పెడుతూ మెల్లగా అడిగారు. ఇంకా లేదని చెప్పాను. అబద్ధం చెప్పి చావడం నాకు చేతకాదు. ఒకవేళ పరలోకంలో పంక్తి వేసి, నర్సింగం పక్కన నాకు విస్తరి వేస్తే లేచిపోను. కూర్చుంటాను. అతనికి కుడి చెయ్యి ఇంకా రాకపోయి ఉంటే అన్నం కలిపి పెడతాను కూడా. మాట్లాడమంటే మాత్రం, చిన్నప్ప ఆ పక్కనే ఉంటాడు కదా, ఆయన్ను అడిగి మాట్లాడతాను.

చదివించుకుని, అంతా నేను చెప్పినట్టే ఉందని ఒప్పుకుని, నా ఇంటి అరుగు మీద వేలిముద్ర వేశాను. 1978 ఫిబ్రవరి 9, గురువారం, గోదావరిఖని.

లూర్దమ్మ, ఎడమ బొటనవేలి ముద్ర

సాక్షులు:
బుచ్చన్న, రిటైర్డ్ లాంపుమన్, పక్కింటి కాపురస్థుడు
ఫాదర్ చౌరప్ప, విచారణ గురువులు (మూడో నిబంధనలో కూర గురించిన మాట చదివిన తర్వాతే సంతకం చేశారు)

దస్తూరి: లింగమూర్తి, పెద్దపల్లి