గడ్డ చుట్టూ ఉన్నవి

అక్కా,

నువ్వు పోయి నేటికి ఆరేళ్లు. నీ బిడ్డ సరిత పొద్దున్నే బోధన్ వచ్చింది. నీకు వచ్చినలాంటి గడ్డ ఎట్లా పెరుగుతుందో కంప్యూటర్‌లో లెక్కకట్టి చూడడమే ఇప్పుడు దాని చదువు. కొత్త కంప్యూటర్ కదా అని కుంకుమ బొట్టు పెట్టబోతే, వేలు తెర మీద తగిలింది.

"చిన్నమ్మా, గడ్డకే బొట్టు పెడితివి గదా" అని ఒకటే నవ్వు.

తెర మీద చుక్కలు గుంపుగా పెరుగుతున్నాయి. "గడ్డనొక్కదాన్నే సూస్తే తెల్వది. సుట్టున్న నెత్తురు నాళాలు, పక్క కణాలు, అన్నీ పెట్టిన" అంది. నాళాలు తగ్గించి మళ్లీ నడిపితే గుంపు పెరగడం ఆగింది.

నీ మొదటి ఆపరేషన్ అయ్యాక లింబాద్రి గుట్టకు వస్తానని మొక్కి, చెరుకు కోతల్లో పడి పోలేదు. గడ్డ మళ్లీ వచ్చింది. అది నా వల్లేనని ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు. ఇవాళ సరితకు చెప్పి, "నా మొక్కు ఇండ్ల యాడుంది బిడ్డా?" అని అడిగాను.

అది నవ్వలేదు. "గడ్డ పెరగనీకి ఏమేం కావాల్నో ఇండ్ల రాసిన. నీ మొక్కు లేదు చిన్నమ్మా. ఉంటే అమ్మనే నిన్ను తిట్టిపోతుండె."

సాయంత్రం గుట్టకు పోయాం. మెట్ల మీద సరిత వెనకబడి "నిదానం చిన్నమ్మా" అంటూనే ఉంది. ఏటా స్వామి ముందు తప్పు కాయమని ఏడ్చేదాన్ని. ఈసారి నీ బిడ్డ చదువు బాగుండాలని మాత్రమే దండం పెట్టుకున్నాను.