గడప బయట నాలుగు బోర్డులు

గుత్తి,
18-11-2002.

శ్రీవారికి, రామక్క నమస్కరించి రాసేది. ఇక్కడ నేను, లహరి, అత్తమ్మ బాగున్నాం. మీరూ వేళకు తిని బాగుంటారని తలుస్తాను.

వాన సంగతి అడిగారు. ఈ ఏడూ లేదు. బోరింగు దగ్గర రెండు బిందెలకే పూట గడిచిపోతోంది. అత్తమ్మ మోకాలికి మీరు పంపిన నూనె రాస్తున్నాను. లహరి బాగానే చదువుతోంది. నాకే ఎందుకో పొద్దున లేచేసరికే అలసటగా ఉంటోంది.

ఇక మీ కంప్యూటరు. చెడిన మెమరీ బోర్డు ఏదో కనుక్కొని రాస్తే బెంగళూరులో చిప్పులు కొంటానన్నారు. మీరు రాసినట్టే నాలుగు బోర్డులూ తీసి, ఒక్కొక్కటే పెట్టి చూశాను. తెర మీద మెమరీ లెక్క ఒకసారి ఒకటి, ఇంకోసారి ఇంకొకటి. ఓపిక అయిపోయింది. మీకు కోపం వచ్చినా సరే, ఈరప్పను పిలిచాను.

ఆ కంప్యూటరు మీరూ, అతనూ కలిసి పత్రికలో బొమ్మ చూసి, రెండేళ్ళు కూర్చుని టంకం పెట్టి కట్టిందే కదా. నిరుడు దసరా ముందు రెండు చిప్పులు మార్చడానికి అతను బోర్డులు తీసుకుపోయి తెచ్చాడు. పండగ మరునాడు అది పనిచేయలేదు. అతనే చెడగొట్టాడని, "నా గడప తొక్కొద్దు" అన్నారు మీరు. ఇరవై ఏళ్ళ స్నేహం ఆ మాటతో తెగింది.

పిలిస్తే వచ్చాడు గానీ లోపలికి రాలేదు.

"రంగన్న తొక్కొద్దన్న గడప వదినా. ఈడికే తెచ్చియ్యి" అన్నాడు.

కంప్యూటరు ఉన్న బల్ల పంచలోకి లాగి, కిటికీలోంచి కరెంటు వైరు ఇచ్చాను. బోర్డులను ఒక స్లాటులోంచి ఇంకో స్లాటులోకి మార్చి చూశాడు. ఎక్కడ పెట్టినా తప్పు లెక్కే వచ్చింది; లోపం బోర్డుల్లోనే ఉందని తేలింది.

"చిప్పులు బాగుండాయి. అంచున పళ్ళకు చిలుము పట్టిండాది" అని, లహరి రబ్బరు అడిగి రుద్దడం మొదలుపెట్టాడు.

రబ్బరు మొదట పచ్చబడింది. తర్వాత ఎర్రబడింది. అతను తలెత్తి నా వైపు చూశాడు.

ఏడాదిగా దాచింది ఇప్పుడు చెబుతున్నాను. ఆయుధపూజ నాడు మీరు రేడియో కొట్టుకు పోయినప్పుడు, స్క్రూడ్రైవర్లకు బొట్టు పెట్టినట్టే ఆ బోర్డులకూ పెట్టాను. ఊడదీసి, అంచున మెరిసే పళ్ళ మీద తడి కుంకుమ బొట్లు. అవీ మీ పనిముట్లే అనుకున్నాను. తర్వాత మీరు తిడతారని భయమేసి, తడిగుడ్డతో తుడిచి మళ్ళీ దూర్చాను. మీరు ఈరప్పను వీధిలో నిలబెట్టి అరుస్తుంటే నేను తలుపు వెనకే ఉన్నాను. బయటికొచ్చి నిజం చెప్పలేదు. ఆ సిగ్గు మోసి మోసి అలసిపోయాను.

నాలుగూ రుద్ది పెట్టాక లెక్క పూర్తిగా వచ్చింది. మూడుసార్లు చూసినా అదే. కుంకుమ సంగతి మీకు చెప్పేస్తానని అతనితో అన్నాను.

"వద్దులే వదినా. వాని కోపం నా మీదనే ఉండనీ. నీ మీదికొస్తే నువ్వు యాడికి పోతావు?" అన్నాడు.

ఈ ఆదివారం అతను సామాను సర్దుకుని, పిల్లలతో సహా బళ్ళారి పోతున్నాడు. ఇక ఇటు రాడట.

చిప్పులు కొనొద్దు. శనివారానికి మీరే రండి. ఎవరిని కోప్పడాలో తెలియడానికి ఆ రబ్బరు ఈ కవరులోనే పెడుతున్నాను. ముందు అతని ఇంటికి పోయి, అతన్ని వెంటబెట్టుకుని మన ఇంటికి రండి. నేను ఎక్కడికీ పోను.

ఇట్లు,
మీ ఇంటిది,
రామక్క.