రైలు కదిలేదాకా

డిసెంబర్ 24, సాయంత్రం

గోదావరి మధ్య లంకలో దిగాం. పొద్దున్న ఎక్కాల్సిన పడవ మధ్యాహ్నానికి గానీ కదల్లేదు. అంత మంచు. పడవవాడు ఇంజను ఆపి ఆపి, అవతల ఏదైనా వస్తోందా అని చెవి పెట్టి వింటూ నడిపాడు. దారిలో రైలు వంతెన స్తంభాలు ఒక్కొక్కటే బయటపడి మళ్ళీ మంచులో కలిసిపోయాయి. మా కోనసీమకి ఇంకా రైలు రాలేదు. స్తంభాలొచ్చాయి.

దుర్గాశ్రీ పడవలో ముత్యాలక్క పక్కన కూర్చుంది, అక్క చీర కొంగు కప్పుకుని. నా కూతురు. పదమూడేళ్ళు. దాని తండ్రి పోయాక, రెండేళ్ళ పిల్లని అక్క చేతుల్లో పెట్టి కువైట్ వెళ్ళాను. అక్కకి పిల్లల్లేరు, బావా లేడు. కొత్తపేట దగ్గర ఊళ్ళో జాకెట్లు కుట్టుకుంటూ దాన్ని పెంచింది. దుర్గ అక్కని అమ్మా అంటుంది. నన్ను కువైట్ అమ్మా అంటుంది. పని మానేసి వచ్చేసి నెల దాటింది. ఇప్పటికీ కువైట్ అమ్మనే.

నేను పనిచేసిన ఇంట్లో పిల్లవాడు నేను వచ్చేస్తుంటే గేటు దాకా ఏడుస్తూ వచ్చాడు. ఇక్కడ ఎయిర్‌పోర్టులో నా పిల్ల అక్క వెనక నిలబడి నమస్తే పెట్టింది.

ఈ రిసార్ట్‌లో చిన్న స్టీమ్ రైలు ఉంది. బొగ్గుతో నడిచేదే, నిజం ఇంజను. తోటల్లోంచి లంక చుట్టూ తిప్పుతారట. ఫోన్లో వీడియో చూసి దుర్గే అడిగింది, తీసుకెళ్తావా అని. నన్ను నోరు తెరిచి అడిగిన మొదటి కోరిక. అక్క కూడా వస్తేనే అంది. సరే అన్నాను.

అమలాపురంలో ఇల్లు తీసుకున్నాను. సంక్రాంతి సెలవులయ్యాక దుర్గని అక్కడి స్కూల్లో చేరుస్తాను. ఇక నాతోనే ఉంటుంది. అక్కకి ఎప్పుడో చెప్పాను. తలూపింది. దుర్గకి మాత్రం నువ్వే చెప్పాలి పద్మా, నా నోట రాదు అంది.

రేపు రైల్లో చెబుతాను. కొత్త సంతోషంలో ఉంటుంది కదా.

డిసెంబర్ 25, మధ్యాహ్నం

పొద్దున్నే ప్లాట్‌ఫామ్ మీద కూర్చున్నాం. ప్లాట్‌ఫామ్ అంటే రేకుల షెడ్డు, రెండు బెంచీలు. పచ్చ రంగు ఇంజను మంచులో తడిసి చల్లగా నిలబడి ఉంది. దుర్గ వెళ్ళి దాని మీద చెయ్యి పెట్టి చూసి, ‘అమ్మా, చచ్చిపోయినట్టుందే’ అంది. అక్కతో.

డ్రైవర్ కుమారస్వామి గారు మంచు విడితే గానీ తీయనన్నారు. లైను గోదావరి గట్టు వెంబడే పోతుందట. పట్టాల మీద గేదె నిలబడినా కనపడదట. మేనేజరు మధుబాబు వచ్చి, పన్నెండింటికల్లా గ్యారంటీ అండి అని టీ ఇప్పించాడు.

పన్నెండింటికి మంచు విడింది. నిప్పు వేశారు. ఇంజను కింద నించి నీళ్ళు కారాయి. పైపు పోయిందట. రాజమండ్రి నించి ఫిట్టర్ రావాలి.

అక్క మినపసున్ని ఉండలు తెచ్చింది. ముగ్గురం తిన్నాం. నేను నోరు తెరిచాను. అప్పుడే దుర్గ ఏదో చెప్పి నవ్వింది. అక్క నా మొహం చూసి లేచి వెళ్ళి, ఊరికే పట్టాల పక్కన నిలబడింది.

డిసెంబర్ 25, సాయంత్రం

రైలు లేదు. చెప్పలేదు.

డిసెంబర్ 26

చెప్పేశాను.

రైల్లో కాదు, రేకుల షెడ్డులో. ఫిట్టరెక్కిన పడవ మంచుకి అవతలి రేవులోనే ఆగిపోయిందని మధుబాబు చెప్పి వెళ్ళాడు. అక్క కాటేజీలో ఉంది. దుర్గా నేనూ ఇద్దరమే. ఎదురుగా ఇంజను కూడా కనపడటం లేదు. ఇంకా ఎన్నాళ్ళు దాచను అనిపించింది. ఇల్లు గురించి చెప్పాను. మేడ మీద ఇల్లు, నీకో గది, కిటికీలోంచి కాలవ కనిపిస్తుంది అన్నాను. స్కూల్ బస్ వీధి చివరికే వస్తుందన్నాను. ఏవేవో అన్నాను. సామాను అమ్మేవాడిలా.

అంతా విని ఒక్కటే అడిగింది. ‘అమ్మకి తెలుసా?’

తెలుసన్నాను.

లేచింది. బాత్రూంకేమో అనుకున్నాను. రెండడుగులు వేసేసరికి మంచు దాన్ని మింగేసింది.

కాసేపు చూసి పిలిచాను. పలకలేదు. పట్టాల వెంట పరిగెత్తాను. ఎటు చూసినా తెలుపు. ఒకవైపు నీళ్ళ చప్పుడు. దుర్గా దుర్గా అని అరుస్తూ పోతే కాలు పట్టాల కింది స్లీపరు దిమ్మకి తగిలి పడ్డాను. అరచెయ్యి చీరుకుపోయింది. గోదావరి ఎంత దగ్గరో తెలీదు. అది ఏ వైపు వెళ్ళిందో తెలీదు. దానికి ఈత వచ్చో రాదో కూడా నాకు తెలీదు. అదే తలుచుకుంటూ అరిచాను.

నా కేకలకి అక్క వచ్చింది, చెప్పులు కూడా లేకుండా. నన్ను ఏమీ అడగలేదు. ‘దుర్గమ్మా’ అంది. అరవలేదు. ఇంట్లో అన్నానికి పిలిచినట్టు పిలిచింది.

‘ఆఁ’ అంది దుర్గ.

పక్కనే. కొబ్బరి చెట్టుకి ఆనుకుని నిలబడి ఉంది. నేనక్కడే పడ్డాను. నా చీర అంచు దాని కాళ్ళకి తగిలే ఉంటుంది. నేను అరిచినంతసేపూ అక్కడే ఉంది, ఊపిరి బిగబట్టుకుని.

అక్క దాన్ని తీసుకుని కాటేజీకి వెళ్ళింది. నేను చాలాసేపు ఆ చెట్టు దగ్గరే కూర్చున్నాను.

డిసెంబర్ 27, మధ్యాహ్నం

రైలు నడిచింది.

ఫిట్టర్ వచ్చి తెల్లారకుండానే పని మొదలెట్టాడట. మంచు ఇవాళ పల్చగా ఉంది. పదకొండింటికి ఇంజను కూత వేసింది.

మేము కాక రావులపాలెం నించి వచ్చిన ఓ కుటుంబం ఉంది, అంతే. అక్క ఎక్కనంది. కళ్ళు తిరుగుతాయట. అయితే నేనూ ఎక్కనని దుర్గ బెంచీ పట్టుకుని కూర్చుంది. అప్పుడు అక్క దాన్ని కసిరింది. ‘మూడ్రోజుల్నించీ కాసుక్కూచుంది దీని కోసం కాదేంటే? లెగు. ఎక్కు.’ అక్క గొంతు అలా ఉంటుందని నాకూ తెలీదు. దుర్గ బిత్తరపోయి ఎక్కింది. నేను దాని ఎదురుగా కూర్చున్నాను. అక్క కిటికీ దగ్గరికొచ్చి, దాని స్వెట్టర్ బొత్తాం పెట్టి, ‘చెయ్యి బయట పెట్టకు’ అంది.

రైలు కదిలింది. నెమ్మదిగా, మనిషి నడిచినంత. కొబ్బరి చెట్లు, అరటి తోట, తడిసిన గడ్డివాము. ఒకచోట పట్టాలు గట్టు అంచుకి వస్తాయి. అక్కడ కింద నీళ్ళు లేవు, మంచే. దుర్గ చూస్తూ నోరు కొంచెం తెరిచింది. బొగ్గు నలక కంట్లో పడితే నా వైపు తిరిగింది. రెప్ప ఎత్తి ఊదాను. ఊదనిచ్చింది. ఆ రెండు నిమిషాలు నాకు చాలనిపించింది. ఇంక చాలు, వెనక్కి తిప్పకండి అనుకున్నాను.

తిరిగొచ్చేసరికి బెంచీ ఖాళీగా ఉంది.

కాటేజీలో అక్క సంచీ లేదు. మధుబాబు తల గోక్కుంటూ చెప్పాడు: ఫిట్టర్ని దింపే పడవలో వెళ్ళిపోయేరండి. రైలొచ్చేదాకా మీకు చెప్పొద్దన్నారండి.

దుర్గ రేవుకి పరిగెత్తింది. పడవ లేదు. దాని ఇంజను చప్పుడు కూడా వినపడలేదు. నా వైపు తిరిగి, ‘నువ్వే పంపించేసేవు’ అంది.

నేను కాదు. నాకు తెలీదు. ఒట్టేసి చెప్పాను. అది నమ్మలేదు.

కానీ ఇక్కడ రాస్తున్నాను, ఇది ఎవరూ చూడరు కనక. ఆ ఖాళీ బెంచీ చూసిన మొదటి క్షణం నాకు సంతోషం వేసింది.

డిసెంబర్ 29, అమలాపురం

అక్క ఫోన్ ఎత్తడం లేదు. దుర్గ చేసినా ఎత్తడం లేదు.

డిసెంబర్ 31

దుర్గ నన్ను మీరు అంటోంది.

లంకలో నువ్వు అనేది. నువ్వే పంపించేసేవు అన్నప్పుడు కూడా నువ్వే. ఇప్పుడు అన్నం పెట్టనా అంటే ఆయ్, పెట్టండి అంటుంది. సరిపోయిందా అంటే సరిపోయిందండి అంటుంది. గది నచ్చిందా అంటే బాగుందండి. గొంతులో కోపం లేదు. కొత్తవాళ్ళింట్లో దిగిన చుట్టంలా, ప్లేటు తనే కడిగేసుకుని, తడి చేతులు తుడుచుకుని, ఇంకేమైనా పనుందాండి అంటుంది.

పదకొండేళ్ళు పరాయి ఇంట్లో నేను సరిగ్గా అలాగే ఉన్నాను. ఆ మర్యాద లోపల ఏముంటుందో నాకు తెలుసు.

జనవరి 3

మేడ మెట్ల మీద కూర్చుని ఏడుస్తోంది. నన్ను చూసి ఆపేసింది. దగ్గితే నీళ్ళొచ్చాయండి అంది.

జనవరి 5

కింద ఇంటావిడకి దుర్గని కాస్త చూడమని చెప్పి, బస్సెక్కి అక్క దగ్గరికి వెళ్ళాను.

అక్క మిషను ముందు కూర్చుంది. కుట్టడం లేదు. వారంలోనే మనిషి సగమైంది. నన్ను చూడగానే, ‘దాన్నొక్కదాన్నీ వదిలేసి ఎందుకొచ్చేవు?’ అని కసిరింది. తర్వాత మంచినీళ్ళిచ్చింది.

ఎందుకలా చెప్పకుండా వెళ్ళిపోయావని అడిగాను. దారం చుట్టుకుంటూ అంది:

‘చెబితే అది రానిచ్చునా? నేను మాత్రం రాగలుగుదునా? రైలు కదిలేదాకా చూసేను పద్మా. అది తిరిగి చూత్తాదేమోనని షెడ్డు వెనక్కెళ్ళిపోయేను. ఫోనెత్తితే దాని గొంతు వినాలి. వింటే బస్సెక్కేస్తాను. అందుకని ఎత్తలేదు.’

నాకు కోపం వచ్చింది. ఎవరడిగారు నిన్ను, అన్నాను. ఎప్పుడు రమ్మంటే అప్పుడొచ్చేదానివి, దుర్గ రెండిళ్ళ మధ్యా తిరిగేది అన్నాను. అక్కకీ కోపం వచ్చింది. ‘ఆదివారానికోసారి చూపిత్తావేంటి? నువ్వు కన్నావు, నేను పెంచేను, కాయలు పంచుకోడానికి అదేవన్నా కొబ్బరిచెట్టా?’ అంది. ఇద్దరం అరుచుకున్నాం. గోడ అవతల మిక్సీ ఆగిపోయింది. వింటున్నారని తెలిసి కూడా అరిచాం. పదకొండేళ్ళూ నెలనెలా ఫోన్లో బాగున్నావా బాగున్నాను అనుకున్నవాళ్ళం.

అలసిపోయాక గోడకి ఆనుకుని కూర్చున్నాను. అక్కడే దుర్గ ఎత్తు కొలిచిన పెన్సిల్ గీతలున్నాయి. నేను చూడని ఎత్తులు.

‘అక్కా, ఈ ఇంట్లో నాకు చోటుందా?’ అన్నాను. నేను అంటానని అనుకోలేదు. నోట్లోంచి వచ్చేసింది.

అక్క నన్ను చూసి, మిషను చూసి, లేచి వంటింట్లోకి వెళ్ళింది. అక్కణ్ణించే అంది: ‘వెనక గదినిండా పొయ్యిలోకి కొబ్బరి డొక్కలున్నాయి. తీయించాలి.’

జనవరి 8

అమలాపురం ఇల్లు వదిలేశాను. మేడ, కాలవ, కిటికీ. ఇంటావిడ ఇంత తొందరగానా అంది.

ఆటో దిగగానే దుర్గ పరిగెత్తుతుందనుకున్నాను. పరిగెత్తలేదు. గుమ్మం ముందు నిలబడిపోయింది. అక్క చేతులు చాచింది. వెళ్ళి అక్క భుజాల మీద రెండు చేతులతో కొట్టింది. ఎందుకెళ్ళిపోయేవు, ఎందుకెళ్ళిపోయేవు అని కొడుతూనే ఉంది. అక్క కొట్టించుకుంది. కాసేపటికి ఆ చేతులే అక్క మెడ చుట్టూ బిగుసుకున్నాయి.

నేను సామాను దింపుకున్నాను. ఆటోవాడు ఒక చెయ్యి వేశాడు.

జనవరి 14

పండగ. మాకు మైలలాంటిదేమీ లేదు, అయినా ఎవరికీ ఏమీ చెయ్యబుద్ధి కాలేదు. వెనక గదిలో ఇంకా డొక్కల వాసన. దుర్గ నాతో మాట్లాడటం లేదు. కనీసం మీరు అనడం కూడా లేదు. ఏదైనా కావాలంటే గాలితో చెబుతుంది: ఇక్కడ పెట్టిన టవల్ ఏదీ.

జనవరి 17

అక్క అంది, నువ్వు చూడనప్పుడల్లా అది నిన్నే చూత్తుంది, గమనించేవా అని. గమనించలేదు. అక్క నా మనసు కుదుటపరచడానికి అని ఉంటుంది.

జనవరి 20, పొద్దున్న

స్కూళ్ళు తెరిచారు. పాత స్కూలే. దుర్గ జడ వేయించుకోవడానికి అక్క ముందు కూర్చుంది. అక్క చెయ్యి నొప్పంటూ దువ్వెన నాకిచ్చి లోపలికి వెళ్ళిపోయింది.

దుర్గ మెడ బిగుసుకుంది. లేవలేదు.

పాపిట వంకరగా వచ్చింది. అద్దంలో చూసుకుంది. అలాగే వెళ్ళింది.