బాయిలర్‌లో తాళంకప్ప

అమ్మడూ,

మన ఇత్తడి బొమ్మ ఇంజన్ పట్టాల మీదే ఉంది, ఎత్తకు. నువ్వు వేసిన కొత్త మోటారుతో పొద్దున అరగంట నడిపాను. పాతదానిలా గరగరలాడలేదు. ఎంత హాయిగా ఉందో! సాయంత్రం ఇరుసులకి చుక్క నూనె వేసి, మళ్లీ నెమ్మదిగా తిప్పు.

నిన్న దాని బాయిలర్ విప్పి చూశాను. చక్రాలు జారుతున్నాయని, బరువు కోసం అప్పట్లో అమ్మ పెట్టె తాళంకప్ప అందులో పెట్టింది నేనే. నువ్వు పోగొట్టావని అమ్మ తిడుతుంటే నోరు మెదపలేదు. మోటారు మార్చేటప్పుడు నీకు దొరికినా, నన్నొక్క మాట అనకుండా, తుప్పు గీకి మళ్లీ అక్కడే పెట్టావు. నీ అంత మనసు నాకు లేదు తల్లీ.

ఇందాకే అమ్మకి నిజం చెప్పేశాను. అందుకే టిఫినైనా తినకుండా బయటపడ్డాను.

నాన్న

అమ్మ చల్లబడ్డాక ఫోన్ చెయ్యి, ఇంటికొస్తాను.