ధాన్యం గదిలో కత్తిదొర

కోటబొమ్మాళి,
1968 మార్చి 14, గురువారం.

బుల్లీ,

చి.ల.సౌ. అని మొదలుపెట్టబోయాను. ఆడపిల్లలకి ఉత్తరం రాస్తే అలాగే రాయాలని చిన్నప్పుడు బడిలో పంతులుగారు నేర్పారు. "చి" రాశాక చెయ్యి ఆగిపోయింది. ఇప్పుడు నీ పేరు ముందు ఆ మాట రాయకూడదు. మరి ఏం రాయాలో నాకెవరూ నేర్పలేదు. అందుకని నువ్వు నా తమ్ముడి ఇంట పాకుతున్నప్పటినుంచి నిన్ను పిలిచే పేరే రాశాను. ఇక్కడ మేము ఉన్నాము. అక్కడ నెల్లిమర్లలో నువ్వు, నీ కడుపులో బిడ్డ, మా తమ్ముడు నరసింగరావు, మరదలు అందరూ బాగున్నారని తలుస్తాను. నేను రెండో తరగతితో ఆగిపోయినదాన్ని. ఒత్తులు తప్పుతాయి, వరసలు కిందికి జారతాయి. విసుక్కోకుండా చివరిదాకా చదువు.

పొద్దున్న బండికి మీ అన్న లక్ష్ముడు దిగాడు. కాళ్ళు కడుక్కోలేదు, కూచోలేదు. పశువులకేసి చూస్తూ, "అత్తా, నాన్న సెప్పమన్నాడు. కానుపయ్యాక కూడా సెల్లిని ఇక్కడికి పంపడంట. దాని సీరలు, ఆ రేకు పెట్టె ఇచ్చీమన్నాడు" అన్నాడు. నా ముఖం చూసి చెప్పడానికి పాపం వాడికి ధైర్యం చాలలేదు. నాకు కోపం రాలేదు బుల్లీ. నా సొంత తమ్ముడే నా మనవడినో మనవరాలినో నాకు చూపించనంటే, ఎంత మాట పడితే అంటాడు? ఆ మాటలు నేనే అన్నాను. కాబట్టి లక్ష్ముణ్ణి భోజనానికి కూచోబెట్టి, వాడు వెళ్ళేలోగా ఈ ఉత్తరం రాస్తున్నాను.

నీ చీరలు మడతపెట్టి ఇచ్చాను. రేకు పెట్టె కూడా ఇచ్చాను. అందులో సోములు దాచుకున్న సినిమా సామానంతా ఉంది. ఇచ్చేముందు ఒకసారి తెరిచాను. ఆ కత్తియుద్ధాల హీరో పాటల పుస్తకాలు, అగ్గిపెట్టెల మీది బొమ్మలు, బండి మీద డప్పు కొట్టుకుంటూ విసిరే రంగు కాగితాలు, నూనె డబ్బా రేకుతో వాడు కత్తిరించుకున్న కత్తి. టాకీసులో మిషను నడిపే అతనికి మామిడికాయలిచ్చి తెచ్చుకున్న ఫిలిం ముక్కలు కూడా ఉన్నాయి. ఒక ముక్క ఎండకెత్తి చూశాను. గోరంత మనిషి, గోరంత గుర్రం. వీటికోసమా నా కొడుకు పెళ్ళయ్యాక కూడా బళ్ళ వెనక పరుగెత్తాడు అనుకున్నాను. ఎద్దుల కాడికి ఆ హీరో బొమ్మ అంటించాడు, నీకు గుర్తుందా? వానకి ఆ రంగు కారి ఎద్దు మెడ ఎర్రబడితే, కాడి ఒరిసిందనుకొని మీ చినమావ జగన్నాధం వారం పాటు దానికి పసుపు రాశాడు. సోములు నవ్వు ఆపుకోలేక గడ్డివాము వెనక్కి పోయాడు. వాడి నవ్వు నాకు వినిపిస్తూనే ఉంటుంది.

గోడ సంగతి రాయాలి. రాయకుండా తప్పించుకోవాలని చూస్తున్నాను, అందుకే ఎద్దులూ పసుపూ రాశాను.

పోయిన ఎండాకాలం ధాన్యం అమ్మేశాక ఖాళీ అయిన ఆ గదిలో మీరిద్దరూ పడుకునేవారు. ఒకనాడు చేట కోసం లోపలికి వస్తే ఎర్రమట్టి గోడ నిండా తెల్లటి పిండితో గుర్రం, దాని మీద కత్తెత్తిన దొర. నేను కేకలేశాను. లక్ష్మీదేవి ఉండే గదిలో సినిమావాణ్ణి ఎక్కిస్తారా, బియ్యప్పిండి ఊరికే వచ్చిందా అన్నాను. సోములు గుమ్మంలోకి వచ్చి, "నానే గీసినానే అమ్మా. ఏటి, గుర్రం బాగులేదా? నీకు భయమేస్తే సెప్పు, కళ్ళెం బిగిస్తాను" అన్నాడు. నువ్వు వాడి వెనక తల వంచుకొని నిలబడ్డావు. మొగవాడికి పిండిబొమ్మలేమిటని ఊళ్ళో నవ్వారు. వాడు నవ్వుతూ పడ్డాడు.

కార్తీకంలో కామెర్లతో వాడు పోయాక, ఆ గోడే నాకు కొడుకయింది. వాడు చేత్తో చేసినది ఈ భూమ్మీద అదొక్కటే మిగిలిందనుకున్నాను. కొత్త ధాన్యం వస్తే ఆ గదిలో బస్తాలు వెయ్యనివ్వలేదు. అరుగు మీద వేయిస్తే ఎలకలు కొట్టాయి. జగన్నాధం గొణిగాడు, కాని పోయినవాడి చేతిగీతలని ఊరుకున్నాడు. రోజూ దీపం పెట్టాను. వచ్చినవాళ్ళందరికీ చూపించి మా సోములు గీశాడు, మా సోములు గీశాడు అని చెప్పుకున్నాను. తిట్టినదాన్నే పొగుడుకున్నాను.

మాఘంలో ఆ రోజు నువ్వు పిండిలో ముంచిన గుడ్డ పట్టుకొని ఆ గోడ దగ్గర కూచున్నావు. చెమ్మకి పెచ్చులూడిన చోట దిద్దుతున్నావు. నేనేం చేశానో నీకు తెలుసు. నీ చెయ్యి పట్టుకు లాగేశాను. పిండి నీ చీర మీద ఒలికింది. "ముట్టుకోకు. నువ్వు కాలెట్టినావు, ఆణ్ణి దక్కనీలేదు. ఆడి గీతలైనా నాకు దక్కనియ్యవా?" అన్నాను. నిండు గర్భిణితో, మేనకోడలితో, కట్టుకున్నవాణ్ణి పోగొట్టుకున్న పిల్లతో అన్నాను. నువ్వు గుడ్డ పిండి గిన్నెలో వేసి, చేతులు కడుక్కొని, నాకు అన్నం వడ్డించి మరీ పడుకున్నావు. మర్నాడు మంచిరోజు చూడకుండానే పుట్టింటికి వెళ్ళిపోయావు. స్టేషనుదాకా కూడా నేను రాలేదు.

ఇక రెండో సంగతి. టాకీసు సంగతి మీ నాన్న దాకా చేరిందని లక్ష్ముడు చెప్పాడు. మీరు విన్నది నిజమే. కొడుకు పోయి ఏడాది తిరగలేదు, నేను సినిమాకి వెళ్ళాను.

స్టేషను వెనక మడుల్లో గుడారం వేశారు. ఆ హీరో సినిమాయే వచ్చింది. రోజూ సాయంత్రం మైకులో కత్తుల చప్పుడు మన పెరట్లోకి వినిపిస్తుంటే, వాడు అంతగా ప్రేమించిన మనిషి ఎలా ఉంటాడో ఒక్కసారి చూడాలనిపించింది. నా తోటికోడలు దేముడమ్మ సంగతి నీకు తెలుసుగా. "రా అప్పా, ఆడోల్ల పక్క తడిక ఉన్నాది. సీకట్లో నిన్నెవలు పోలుస్తారు? సూసీసి వచ్చీద్దాం" అంది. తల నిండా కొంగు కప్పుకొని వెళ్ళి ఇసకలో కూచున్నాను. దొంగలా కూచున్నాను.

సినిమాలో ఒకచోట ఆయన ఒక్కడే పదిమందితో యుద్ధం చేస్తూ ఒక్కొక్కణ్ణీ కోనేట్లోకి తన్నుతాడు. చివరివాడు తనంతట తనే ముక్కు మూసుకొని దూకేస్తాడు. ఆ దూకుడు సోములు మన పెరట్లో కుడితితొట్టి దగ్గర ఎన్నిసార్లు చేసి చూపించాడు. అప్పుడు నాకు అర్థమయ్యేది కాదు, పిచ్చి గెంతులనుకునేదాన్ని. ఇదా నాయనా నువ్వు చూపించినది అనుకునేసరికి నాకు నవ్వొచ్చేసింది. పైకే నవ్వాను. కొంగు జారింది. ముందు కూచున్నామె తిరిగి చూసి, "ఓలమ్మ, సోములు తల్లి కాదేటి?" అంది. అంతే. దీపాలు వెలిగేసరికి అందరూ నన్నే చూస్తున్నారు. దేముడమ్మ సోడా తాగుతూ, "నవ్వితే ఏటయిపోనాది? ఏడ్డానికి ఇంటికాడ బోలెడు టైమున్నాది" అంది. అది నన్ను కాపాడబోయి అంది గాని, ఆ మాటే ఊరంతా పట్టుకుంది.

మర్నాడు నూతి దగ్గర నన్ను చూసి బిందెలు పక్కకి జరిపారు. జగన్నాధం అరుగు మీదనుంచి, "వదినా, కొడుకు సచ్చిపోతే టాకీసుకెల్లి నవ్వినావంట. ఊరోల్లకి నానేటి సెప్పుకోవాల?" అన్నాడు. కొడుకు గుర్తొచ్చి నవ్వానని చెబితే ఎవరు నమ్ముతారు? ఏడవడానికైతే సాక్షి అక్కర్లేదు.

ఈ రెండు తప్పులూ నావే. మీ నాన్న కోపం న్యాయమే. కాని బుల్లీ, కానుపయ్యాక ఒక్కసారి బిడ్డని నాకు చూపించు. ఇంట్లోకి రాకపోయినా ఫరవాలేదు. స్టేషనులో బండి ఆగినంతసేపు కిటికీలోంచి చూపించినా చాలు, నేను వచ్చి నిలబడతాను. ఇంతకంటే అడగడానికి నాకు నోరు లేదు.

నిన్ను పెద్దమాట అని, నీ ముందు తలెత్తలేని
మీ అత్త
తవిటమ్మ.

తా.క.

కాగితం మడిచేసి లక్ష్ముడి సంచిలో పెట్టాను. వాడు మజ్జిగ పోసుకునేలోగా మళ్ళీ తీశాను. పైన రాసినదంతా నిజమే, కాని అసలు సంగతి రాయలేదు. సిగ్గుతో రాయలేదు. రాయకుండా పంపిస్తే నిన్ను రెండోసారి చెయ్యిపట్టి లాగేసినట్టే.

ఆ సినిమాలో ఆఖర్న హీరో గుర్రమెక్కి మనకి వీపు పెట్టి వెళ్ళిపోతాడు. మన గోడ మీది దొరా అలాగే వెళ్తుంటాడు. ముఖం గియ్యడం రాక వీపు గీశాడని దేముడమ్మ ఎగతాళి చేసేది. తెర మీద ఆయన తల వెనకభాగం గుమ్మంత కనిపించింది. నున్నగా దువ్విన క్రాపు, అంతే. తెల్లారి దీపం పెట్టడానికి వెళ్ళి మన గోడ చూశాను. నాలుగు నెలలు చూసినదాన్నే, కాని మొదటిసారి చూశాను. మన దొర నడినెత్తిన పక్కపక్కనే రెండు సుళ్ళున్నాయి. వేలి కొనతో గుండ్రంగా తిప్పినవి. ఒకటి చిన్నది, ఒకటి కాస్త పెద్దది, పెద్దది ఎడమపక్కకి.

అవి సినిమా ఆయనవి కావు. నా కొడుకువి. పురిట్లోనే మంత్రసాని చూసి, వీడికి రెండు పెళ్ళిళ్ళని నవ్వింది. తన నెత్తి తను ఎవడు చూసుకుంటాడమ్మా? అద్దంలో కూడా కనిపించదు. ఆ సుళ్ళు ఎక్కడున్నాయో వాడికి తలంటినవాళ్ళకే తెలుసు. ముందు తలంటినది నేను, తర్వాత నువ్వు. నేను గీయలేదు.

అక్కడే చతికిలబడ్డాను. నీ బొమ్మ నువ్వు దిద్దుకుంటుంటే నీ చెయ్యి లాగేశాను. ఇది నా చేతిగీత అత్తా అని నువ్వొక్క మాట అంటే నేను నోరు మూసుకునేదాన్ని. ఆ మాట అంటే ఇక దీపం పెట్టుకోడానికి నాకేమీ మిగలదని ఊరుకున్నావు. వాడు బతికుండగా నిన్ను తిట్టకూడదని నేనే గీశానన్నాడు. వాడు పోయాక నేను ఏడవకూడదని నువ్వు కాదనలేదు. మీ ఇద్దరి మధ్య నేనొక్కదాన్నే అరిచాను.

నిన్న జగన్నాధానికి చెప్పేశాను, అరుగు మీద నలుగురూ ఉండగానే. అది మా సోములు గీసినది కాదు, నా కోడలు గీసింది, నేను ఇన్నాళ్ళూ తప్పు చెప్పాను అన్నాను. వాళ్ళు మొహాలు చూసుకున్నారు. ఉగాదికని సున్నం నానబెట్టి ఉంది. జగన్నాధం, "అయితే మరేటి? సచ్చిపోయినోడి సెయ్యని కదా ఊరుకున్నాను. సున్నం ఏసీసి బస్తాలు లోపలెట్టించీస్తాను" అని కుంచె పట్టుకొని లేచాడు. నేను గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను. "మరిదీ, ఆడికి ఒక్క ఫొటో తీయించినావేటి నువ్వు? నాను తీయించినానేటి? ఆడు ఎలాగుండీవోడో ఇంకెక్కడున్నాది సెప్పు. కడుపులో గుంట పుట్టి, మా అయ్య ఏడీ అంటే ఏటి సూపిస్తావు?" అన్నాను. మరిది ముందు నేను గొంతెత్తడం అదే మొదటిసారి. దొర నెత్తిన సుళ్ళు చూపిస్తే ఆయన గోడకేసి చూశాడు. "సుళ్ళు నిజమేనే" అన్నాడు. కుంచె సున్నం తొట్లో పడేసి పొలానికి పోయాడు.

వాడి చేతిగీతలు నాకు లేవని తెలిసింది. వాడే ఉన్నాడు. అది నువ్విచ్చావు, నేను నిన్ను గెంటాను. రమ్మని రాయడానికి నాకు ముఖం లేదు. పైన బిడ్డని చూపించమని అడిగాను, అదీ నీ ఇష్టం. నా మీద జాలితో రావద్దు, మీ నాన్న మాట కాదని రావద్దు. నీకు రావాలనిపిస్తే రా. ఆ గది నీది, గోడ నీది.

లక్ష్ముడు చెయ్యి కడుక్కున్నాడు. నువ్వు సరిగా తినడం లేదని, అడిగితే ఆకలి లేదంటున్నావని వాడు చెప్పాడు. అలా చెయ్యకు తల్లీ. వేళకి కడుపునిండా అన్నం తిను.